బూట్ తర్వాత కూడా పిలుపొచ్చిన ‘ఇనిట్’ కోడ్: ఒక డ్రైవర్ కేస్ స్టడీ

లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) బూట్ సమయానికే పనికొచ్చే కోడ్‌ని, డేటాని విడిగా గుర్తుపెట్టే పద్ధతి ఉంది. ఆ గుర్తుల్ని అజాగ్రత్తగా వాడితే ఏమవుతుందో ఈ కేసులో బాగా కనిపించింది. బగ్ పెద్దదేమీ కాదు. కానీ చాలాకాలం బయటపడకుండా ఉంది. బయటపడ్డాక కూడా నింద వేరే కోడ్ మీద పడింది. అందుకే రాసిపెడుతున్నాను. పరికరాన్ని, చిప్‌ని, టీమ్‌ని పోల్చుకునే వీల్లేకుండా వివరాలు మార్చాను.

నేపథ్యం

32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్ ఉన్న చిన్న బోర్డు. దాని మీద సెన్సర్ల నుంచి డేటా సేకరించే చిప్ ఒకటి. దాన్ని నడిపే డ్రైవర్, విడిగా లోడ్ చేసే మాడ్యూల్‌గా కాకుండా నేరుగా కెర్నల్ ఇమేజ్‌లోనే బిల్డ్ అవుతుంది. డ్రైవర్‌ని మొదట 2.6 కెర్నల్ రోజుల్లో రాశారు. చాలా ఏళ్ల తర్వాత, రాసినవాళ్లెవరూ టీమ్‌లో లేనప్పుడు, కొత్త కెర్నల్‌లో పనిచేసేలా మార్చారు (పోర్ట్ చేశారు).

ఫంక్షన్‌కి ‘ఇనిట్’ అనే గుర్తు పెడితే కంపైలర్ దాన్ని మామూలు కోడ్‌లో కలపకుండా ‘.ఇనిట్.టెక్స్ట్’ సెక్షన్‌లో పెడుతుంది. డేటాకి ‘ఇనిట్‌డేటా’, మారని డేటాకి ‘ఇనిట్‌కాన్‌స్ట్’ అనే గుర్తులున్నాయి. కంపైల్ అయిన ముక్కల్ని కలిపే లింకర్ వీటన్నిటినీ ఒకే ప్రాంతంలో చేరుస్తుంది. బూట్‌లో కెర్నల్ వరుసగా పిలిచే ఇనిట్‌కాల్స్ అన్నీ పూర్తయ్యాక, కెర్నల్ బయట ఉండే యూజర్ స్పేస్‌లో మొదటి ప్రోగ్రామ్ మొదలవడానికి ముందు, కెర్నల్ ఆ ప్రాంతాన్నంతా పేజీ అలొకేటర్‌కి (మెమరీని పేజీలనే ముక్కలుగా పంచే కోడ్) ఇచ్చేస్తుంది. బూట్ లాగ్ చివర్లో వాడని కెర్నల్ మెమరీని వదిలేస్తున్నట్టు వచ్చే లైన్ దీని గురించే. ఆ తర్వాత ఆ పేజీలు ఎవరికైనా దక్కవచ్చు.

పాత కెర్నళ్లలో ‘డెవ్‌ఇనిట్’ అని ఇంకో గుర్తు ఉండేది. హాట్‌ప్లగ్ (సిస్టమ్ నడుస్తుండగానే పరికరాలు తగిలించడం, తీయడం) సపోర్ట్ లేని కెర్నల్ అయితే బూట్ తర్వాత ఆ కోడ్‌ని తీసెయ్యొచ్చు, ఉంటే ఉంచాలి అని దాని భావం. హాట్‌ప్లగ్ లేని కెర్నళ్లు అరుదైపోవడంతో ఆ ఆప్షన్‌ని శాశ్వతంగా ఆన్ చేసేశారు. 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నాటికి డ్రైవర్ల నుంచి ఈ గుర్తుల్ని తుడిచేశారు. పాత డ్రైవర్‌ని కొత్త కెర్నల్‌కి తెచ్చేవాళ్లు చేయాల్సిందల్లా ఆ గుర్తుని కొట్టేయడమే. ఇక్కడ పోర్ట్ చేసినవాళ్లు కొట్టేయలేదు, ఫైల్ మొత్తంలో ‘డెవ్‌ఇనిట్’ ఉన్న ప్రతిచోటా ‘ఇనిట్’ అని మార్చారు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, ఎర్రర్ లేకుండా కంపైల్ అయింది. ‘హాట్‌ప్లగ్ ఉంటే ఉంచు’ అన్న కోడ్ అలా ‘ఎలాగైనా తీసెయ్’ అన్న కోడ్ అయింది.

అప్పట్లో బిల్డ్ కొన్ని వార్నింగ్‌లు ఇచ్చింది. కెర్నల్ బిల్డ్ చివర్లో మోడ్‌పోస్ట్ అనే ప్రోగ్రామ్ సెక్షన్ల మధ్య రిఫరెన్స్‌లను చూసి, ఉండిపోయే కోడ్ నుంచి ఇనిట్ కోడ్‌కి పిలుపు కనిపిస్తే సెక్షన్ మిస్‌మ్యాచ్ అని హెచ్చరిస్తుంది. నిజంగా ప్రమాదం లేదని మనకు తెలిసిన సందర్భాల్లో ఆ హెచ్చరికను ఆపడానికి ‘రెఫ్’ అనే గుర్తు ఉంది. హెచ్చరిక వచ్చిన ఫంక్షన్లన్నిటికీ టీమ్ ఆ రెఫ్ తగిలించింది. బిల్డ్ లాగ్ శుభ్రమైంది.

అలాంటి డ్రైవర్ కొన్నేళ్లు ఏ ఫిర్యాదూ లేకుండా నడిచింది. నాకు ఈ కేసులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది అదే.

సమస్య

కొత్త రిలీజ్ ఫీల్డ్‌లోకి వెళ్లాక కొన్ని పరికరాలు క్రాష్ అవడం మొదలైంది. బూట్ అయిన వెంటనే కాదు. కొన్ని గంటలకో రోజులకో, చిప్ స్పందించడం మానేసి డ్రైవర్ దాన్ని మళ్లీ లేపబోయినప్పుడు. లాగ్‌లు ఒకేలా లేవు. కొన్నిట్లో ‘అన్‌డిఫైన్డ్ ఇన్‌స్ట్రక్షన్’ (ప్రాసెసర్‌కి తెలియని ఆదేశం) అని ఊప్స్, అంటే కెర్నల్ రాసే తప్పు రిపోర్ట్. కొన్నిట్లో అర్థంలేని అడ్రస్‌ని ముట్టుకున్నట్టు పేజీ ఫాల్ట్. కొన్ని పరికరాలు ఏ లాగూ లేకుండా బిగుసుకుపోయి, స్పందన ఆగితే కనిపెట్టే వాచ్‌డాగ్ వల్ల రీబూట్ అయ్యాయి. ఊప్స్ వచ్చిన లాగ్‌లలో మాత్రం ఒకే ఫంక్షన్ పేరు కనిపించేది: చిప్‌లోకి కాన్ఫిగరేషన్ టేబుల్ ఎక్కించే చిన్న ఫంక్షన్. దాని సోర్స్ ఎన్నిసార్లు చదివినా తప్పేమీ లేదు.

నన్ను పిలిచేసరికి టీమ్ చేసినవి

మొదటి అనుమానం మెమరీ చిప్ మీద పడింది. ఇన్‌స్ట్రక్షన్ చెడిపోయింది, ప్రతిసారీ లక్షణం మారుతోంది కాబట్టి డీడీఆర్ ర్యామ్‌లో బిట్లు తారుమారవుతున్నాయని అనుకున్నారు. మెమరీ క్లాక్ తగ్గించారు, టైమింగ్స్ సడలించారు, రాత్రంతా మెమరీ టెస్టులు నడిపారు. టెస్టులన్నీ పాస్. క్రాష్‌లు ఆగలేదు. లక్షణం మారుతోందంటే హార్డ్‌వేర్ అనుకోవడం సహజమే. కాకపోతే హార్డ్‌వేర్ లోపం ప్రతిసారీ అదే ఫంక్షన్‌ని ఎంచుకోదు. ఆ ప్రశ్న అప్పుడే వేసుకుని ఉంటే చాలా టెన్షన్ తప్పేది.

తర్వాత బైసెక్ట్ చేశారు, అంటే కోడ్ మార్పుల చరిత్రని సగం సగం చేస్తూ ఏ మార్పుతో క్రాష్ మొదలైందో వెతికారు. అది ఒక కమిట్ (కోడ్‌లో నమోదైన ఒక మార్పు) మీద ఆగింది. బూట్‌లో చిప్‌ని పరీక్షించే సెల్ఫ్ టెస్ట్‌ని చేర్చిన కమిట్ అది. దాన్ని రివర్ట్ చేస్తే (వెనక్కి తీస్తే) క్రాష్ లేదు, మళ్లీ పెడితే ఉంది. దాంతో సెల్ఫ్ టెస్ట్ ఎక్కడో మెమరీని పాడుచేస్తోందని తేల్చేసి, దాని ప్రతి లైన్ మీదా పడ్డారు. అందులో ఏ బఫరూ హద్దు దాటడం లేదు. సెల్ఫ్ టెస్ట్ పూర్తిగా తీసేద్దామంటే ప్రొడక్ట్‌కి అది తప్పనిసరి. అక్కడ ఆగిపోయి నాకు లాగ్‌లు పంపారు.

లాగ్‌లో దొరికిన ఆధారం

ఆర్మ్ ఊప్స్ చివర ‘కోడ్’ అనే లైన్ ఉంటుంది. ఫాల్ట్ జరిగిన ఇన్‌స్ట్రక్షన్, దానికి ముందున్న నాలుగూ అందులో పడతాయి. అన్‌డిఫైన్డ్ ఇన్‌స్ట్రక్షన్ అని వచ్చిన లాగ్‌లన్నిట్లో ఆ అయిదు పదాలూ (ఒక్కోటి 32 బిట్ల సంఖ్య) ఒకటే విలువ. బిట్లు తారుమారైతే ఒక పదం చెడిపోతుంది గానీ అయిదు పదాలు ఒకే విలువకు రావు. ఎవరో కావాలని ఆ ప్రాంతాన్ని ఒకే పదంతో నింపారన్నమాట. పైగా ఫాల్ట్ ఎప్పుడూ ఫంక్షన్ తొలి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే, ఆఫ్‌సెట్ సున్నా.

ఆ విలువ కోసం కెర్నల్ సోర్స్‌లో వెతికితే 32 బిట్ల ఆర్మ్ మెమరీ ఇనిషియలైజేషన్ కోడ్‌లో దొరికింది. ఇనిట్ ప్రాంతాన్ని వదిలేసేముందు కెర్నల్ దాన్ని ఒక అన్‌డిఫైన్డ్ ఇన్‌స్ట్రక్షన్‌తో నింపుతుంది. దీన్ని పాయిజన్ చేయడం అంటారు. ఎవరైనా పొరపాటున అక్కడికి దూకితే వెంటనే తెలియాలని ఈ ఏర్పాటు. అది ఆ పేజీల్ని వేరొకరు తీసుకునేదాకానే పనిచేస్తుంది. తీసుకున్నాక అక్కడ ఫైల్ డేటా ఉండొచ్చు, ఇంకొకరి పాయింటర్లు ఉండొచ్చు. ప్రాసెసర్ వాటినే ఇన్‌స్ట్రక్షన్లుగా నడపబోతుంది. లక్షణాలు ఎందుకు మారుతున్నాయో ఇక్కడే తేలిపోయింది.

ఇంతకీ ఫంక్షన్ పేరు లాగ్‌లో ఎలా వచ్చిందంటే, ఏ అడ్రస్‌లో ఏ ఫంక్షన్ ఉందో చెప్పే కెర్నల్ సింబల్ టేబుల్‌లో ఇనిట్ ఫంక్షన్ల అడ్రస్‌లు కూడా ఉంటాయి. కోడ్ పోయినా పేరు పోదు. పేరు కనిపించింది కాబట్టి కోడ్ కూడా ఉందనుకుని టీమ్ సోర్స్ చదువుతూ కూర్చుంది.

సెల్ఫ్ టెస్ట్ నిజంగా ఏం చేసింది?

టేబుల్ ఎక్కించే ఫంక్షన్‌కి ఇనిట్ గుర్తు ఉంది. సెల్ఫ్ టెస్ట్ రాకముందు దాన్ని పిలిచేది ఒకే ఒక్క ఫంక్షన్, చిప్‌ని స్టార్ట్ చేసేది. ఆ స్టార్ట్ ఫంక్షన్ బూట్‌లోనూ నడుస్తుంది, ఆగిపోయిన చిప్‌ని మళ్లీ లేపే రికవరీలోనూ నడుస్తుంది. దానికి రెఫ్ ఉంది కాబట్టి మోడ్‌పోస్ట్ నోరు మెదపదు. అంటే గుర్తు మొదటినుంచీ తప్పే.

అలాంటప్పుడు అన్నేళ్లు ఎలా నడిచింది? ఒకే చోటు నుంచి పిలుపు ఉన్న స్టాటిక్ ఫంక్షన్‌ని (ఆ ఫైల్‌కే పరిమితమైనది) జీసీసీ కంపైలర్ సాధారణంగా పిలిచినచోటే కలిపేస్తుంది, దీన్నే ఇన్‌లైన్ చేయడం అంటారు. సెక్షన్ గుర్తు వేరేగా ఉందని ఆగదు. టేబుల్ ఎక్కించే కోడ్ మొత్తం స్టార్ట్ ఫంక్షన్‌లో ఇన్‌లైన్ అయిపోయి, ఉండిపోయే మెమరీలోకి చేరింది. ఇనిట్ సెక్షన్‌లో ఆ ఫంక్షన్ అసలు లేనే లేదు. సెల్ఫ్ టెస్ట్ కమిట్ చేసిందల్లా అదే ఫంక్షన్‌ని రెండో చోటు నుంచి పిలవడం. రెండు పిలుపులు ఉండేసరికి కంపైలర్ దాన్ని విడి ఫంక్షన్‌గా ఉంచింది, గుర్తు చెప్పినట్టే ఇనిట్ సెక్షన్‌లో పెట్టింది. సెల్ఫ్ టెస్ట్ కూడా ఇనిట్ ఫంక్షనే, అది ఇంకో ఇనిట్ ఫంక్షన్‌ని పిలవడం సక్రమమే. కాబట్టి కొత్త హెచ్చరికేదీ రాలేదు. రివర్ట్ చేస్తే క్రాష్ పోవడానికి కారణం కూడా ఇదే. రివర్ట్‌తో ఫంక్షన్ మళ్లీ ఇన్‌లైన్ అయ్యేది.

బైసెక్ట్ అబద్ధం చెప్పలేదు. ఏ కమిట్‌తో లక్షణం మొదలైందో చెప్పింది, తప్పు ఏ కమిట్‌లో జరిగిందో అది చెప్పలేదు. సెల్ఫ్ టెస్ట్‌ని శాశ్వతంగా తీసేసి ఊరుకుని ఉంటే, కంపైలర్ మార్చిన రోజో, ఆప్టిమైజేషన్ ఆప్షన్ మార్చిన రోజో ఇదే మళ్లీ వచ్చేది.

ల్యాబ్‌లో ఎందుకు పట్టుబడలేదంటే, టేబుల్ ఎక్కించడం అక్కడ బూట్‌లోనే పరీక్షకొచ్చేది. అప్పటికి ఇనిట్ మెమరీ ఇంకా ఉంది. రికవరీ దారిని బూట్ తర్వాత బలవంతంగా నడిపే టెస్ట్ లేదు.

నిర్ధారణకు చేసిన ప్రయోగాలు

ఊహ ఎంత నప్పినా రుజువు కావాలి. కెర్నల్ కోడ్‌ని, డేటాని కఠినమైన అనుమతులతో విడదీసే ఆప్షన్ ఒకటుంది. 32 బిట్ల ఆర్మ్‌లో అది ఆన్‌లో ఉంటే, ఇనిట్ ప్రాంతాన్ని వదిలేసే సమయంలో అక్కడ ఎగ్జిక్యూట్ అనుమతి తీసేస్తుంది. ఈ ప్రొడక్ట్‌లో దాన్ని ఆఫ్ చేసి ఉంచారు. ఎందుకని అడిగితే, సెక్షన్ల హద్దుల్ని 1 ఎంబీకి సర్దడం వల్ల మెమరీ వృథా అవుతుందని చెప్పారు. 64 ఎంబీ బోర్డులో అది తీసిపారేయాల్సిన వాదన కాదు. అయితే ఈ బగ్‌ని మొదటిరోజే స్పష్టమైన మెసేజ్‌తో పట్టిచ్చే కాపలా కూడా దాంతోపాటే పోయింది. డీబగ్ బిల్డ్‌లో దాన్ని ఆన్ చేసి, రికవరీని చేత్తో ట్రిగర్ చేశాం. ప్రతిసారీ ఒకే చోట, ఒకే ప్రీఫెచ్ అబార్ట్ (ఇన్‌స్ట్రక్షన్‌ని తెచ్చుకోవడంలోనే వచ్చే ఫాల్ట్). లక్షణం నిలకడగా వచ్చింది.

ఇది కోడ్‌కి సరిపోయింది. డేటా సంగతి వేరు. వదిలేసిన పేజీని చదవడానికి ఈ ఆప్షన్ అడ్డు చెప్పదు. అందుకని మెమరీని వదిలే ఫంక్షన్‌ని ఇంకో డీబగ్ బిల్డ్‌లో కొద్దిగా మార్చాం. పాయిజన్ నింపడం ఉంచాం, పేజీల్ని అలొకేటర్‌కి ఇవ్వడం మాత్రం ఆపాం. అప్పుడు ఆ ప్రాంతం ఎప్పటికీ పాయిజన్‌తోనే ఉంటుంది, పాత ఇనిట్ డేటాని ఎవరు చదివినా అదే విలువ వస్తుంది. వదిలేయడాన్నే పూర్తిగా ఆపితే సరిపోదా అని టీమ్‌లో ఒకరు అడిగారు. అలా చేస్తే క్రాష్ మాయమవుతుంది, తప్పు ఎక్కడుందో మాత్రం కనబడదు. మాకు కావాల్సింది తప్పు ప్రతిసారీ బయటపడటం.

ఈ బిల్డ్‌లోనే మేం వెతకని రెండో బగ్ దొరికింది. ఇంటరప్ట్‌ల (పరికరాలు ప్రాసెసర్‌కి పంపే పిలుపులు) లెక్కలు చూపే ప్రాక్ ఫైల్‌ని, అంటే కెర్నల్ తన సమాచారం చూపే ఫైల్‌ని చదివితే మా డ్రైవర్ పేరు ఉండాల్సిన చోట చెత్త అక్షరాలు, అదీ ఆగకుండా. పాయిజన్ పదంలో సున్నా బైట్ లేదు కాబట్టి, స్ట్రింగ్ ప్రింట్ చేసే కోడ్ ఆ ప్రాంతం దాటి ఎక్కడో సున్నా తగిలేదాకా పోతూనే ఉంది. ఫీల్డ్ లాగ్‌లలో కూడా పేర్ల చోట వింత అక్షరాలు ఉండేవట. ఎన్‌కోడింగ్ సమస్య అనుకుని వదిలేశారట.

దాని కారణం: ప్రతి చానల్‌కీ ఇంటరప్ట్ పేరు తయారుచేసి ఇనిట్‌డేటా గుర్తున్న అరేలో పెట్టారు. పేరు అవసరం రిజిస్టర్ చేసేటప్పుడే కదా అన్న ఆలోచన. కానీ ఇంటరప్ట్‌ని కోరే కెర్నల్ ఫంక్షన్ పేరుని కాపీ చేసుకోదు. ఇచ్చిన పాయింటర్‌నే దాచుకుంటుంది. అన్ని ఇంటర్‌ఫేస్‌లూ ఇలా ఉండవు. కేఆబ్జెక్ట్‌కి (కెర్నల్ తన వస్తువుల్ని లెక్కపెట్టుకునే డేటా నిర్మాణం) పేరు పెట్టే ఫంక్షన్ అయితే కాపీ చేసుకుంటుంది. ఉండిపోయే రీడ్‌ఓన్లీ ప్రాంతంలోని స్ట్రింగ్ అయితేనే కాపీ మానేస్తుంది, ఇనిట్‌కాన్‌స్ట్ ఆ ప్రాంతంలోకి రాదు. ఏది కాపీ చేస్తుందో, ఏది పాయింటర్‌ని పట్టుకుంటుందో సోర్స్ చూడకుండా చెప్పలేం. ఇంకొక సంగతి: ఇనిట్ ఫంక్షన్ లోపల కోట్స్ మధ్య నేరుగా రాసిన స్ట్రింగ్‌కి ఈ ప్రమాదం ఉండదు. అది మామూలు రీడ్‌ఓన్లీ డేటాలోకే వెళ్తుంది. మనం గుర్తు పెట్టిన అరేకే ఈ గతి.

ఈ రెండో రకం తప్పుని మోడ్‌పోస్ట్ ఎప్పటికీ పట్టుకోలేదు. ఇనిట్‌లో ఉన్న ప్రోబ్ ఫంక్షన్ (పరికరాన్ని డ్రైవర్‌తో జతచేసి సిద్ధం చేసేది) ఇనిట్ డేటాని తాకింది, అది సక్రమం. పాయింటర్ అక్కడినుంచి ఎక్కడికి పోయిందనేది రన్‌టైమ్ సంగతి.

సరిచేయడం

ముందు రెఫ్ గుర్తులన్నీ తీసేశాం. ఒకసారి మాత్రమే పిలిచే ఫంక్షన్లని ఇన్‌లైన్ చేయకుండా ఆపే డీబగ్ సెక్షన్ మిస్‌మ్యాచ్ ఆప్షన్ ఆన్ చేశాం. ఇన్‌లైన్ వల్ల దాక్కున్నవి అప్పుడే బయటికొస్తాయి. మిస్‌మ్యాచ్ వస్తే వార్నింగ్‌తో సరిపెట్టకుండా బిల్డ్ ఫెయిల్ అయ్యేలా కూడా మార్చాం. చాలా దొరికాయి.

అయినా నాకు తృప్తి లేదు. మోడ్‌పోస్ట్ కొన్ని పేర్లకు మినహాయింపు ఇస్తుందని తెలుసు. డేటా సెక్షన్‌లో ఉన్న వేరియబుల్ పేరు ‘ఆప్స్’ అనో ‘ప్రోబ్’ అనో ‘టైమర్’ అనో ముగిస్తే, అందులోంచి ఇనిట్ కోడ్‌కి పాయింటర్ ఉన్నా ఊరుకుంటుంది. అనవసర హెచ్చరికలు తగ్గడానికి పెట్టిన పాత సర్దుబాటు ఇది. అవసరం నాకు అర్థమవుతుంది గానీ, పేరుని బట్టి భద్రతను అంచనా వేయడం నాకు ఎప్పుడూ రుచించలేదు. మా డ్రైవర్‌లోని ఫంక్షన్ పాయింటర్ల టేబుల్ పేరు సరిగ్గా ‘ఆప్స్’తో ముగుస్తుంది. కాబట్టి ఆబ్జెక్ట్ ఫైల్ రీలొకేషన్లను (ఏది దేన్ని సూచిస్తుందో లింకర్ కోసం ఉండే నమోదులు) నేరుగా చదివే చిన్న స్క్రిప్ట్ రాశాం. ఉండిపోయే ఏ డేటా సెక్షన్ నుంచి ఇనిట్ సెక్షన్లకు రిఫరెన్స్ ఉన్నా, పేరుతో సంబంధం లేకుండా చూపిస్తుంది. క్యాలిబ్రేషన్ ఫంక్షన్ అలా దొరికింది. టేబుల్ ద్వారా యూజర్ కోరినప్పుడు దానికి పిలుపు వెళ్తుంది. ఫీల్డ్‌లో ఇంకా ఎవరూ ఆ బటన్ నొక్కలేదంతే.

ఇంటరప్ట్ పేర్లను డివైజ్‌తో పాటు ఉండి, డివైజ్‌తో పాటు పోయే అలొకేషన్‌లోకి మార్చాం.

ప్రోబ్ ఫంక్షన్ దగ్గర కాస్త చర్చ జరిగింది. దానికి ఇనిట్ ఉంచుకోవచ్చని టీమ్ వాదన. బూట్‌లో ఒక్కసారే ప్రోబ్ చేసే రిజిస్ట్రేషన్ ఫంక్షన్‌నే వాళ్లు వాడారు. అది వాయిదా ప్రోబ్‌ని (కావాల్సిన పరికరం ఇంకా రాకపోతే తర్వాత మళ్లీ ప్రయత్నించడం), సిస్‌ఎఫ్ఎస్ అనే ఫైళ్ల ద్వారా యూజర్ డ్రైవర్‌ని మళ్లీ బైండ్ చేయడాన్ని ఆపేస్తుంది కాబట్టి ఇనిట్‌కి సురక్షితమే. వాదన సరైనదే. కానీ వచ్చే బోర్డులో ఈ చిప్‌కి కరెంటిచ్చే రెగ్యులేటర్ డ్రైవర్ ఆలస్యంగా వస్తుందని వాళ్ల ప్లాన్‌లోనే ఉంది. అప్పుడు ప్రోబ్ వాయిదా పడాల్సిందే, బూట్ ముగిశాక జరగాల్సిందే. గుర్తు తీసేసి మామూలు రిజిస్ట్రేషన్‌కి మార్చాం.

ఇంతకీ ఈ గుర్తులన్నీ కలిసి మిగిల్చిన మెమరీ ఎంతో చూశాం. మూడు పేజీలకు మించదు, అంటే 12 కేబీ. అందులో సగానికి పైగా సెల్ఫ్ టెస్ట్‌దీ, దాని టెస్ట్ టేబుల్స్‌దీ. వాటిని ఇనిట్‌లోనే ఉంచాం, బూట్ తర్వాత వాటిని పిలిచే దారి నిజంగానే లేదు. మిగతావన్నీ మామూలు కోడ్ అయిపోయాయి. కొన్ని వేరియబుల్స్‌ని బూట్ తర్వాత ఎవరూ రాయరు, చదువుతూ మాత్రం ఉంటారు. వాటికి 4.6 నుంచి ఉన్న ‘ఆర్‌ఓ ఆఫ్టర్ ఇనిట్’ గుర్తు సరిపోతుంది, మెమరీ మిగలదు గానీ బూట్ అయ్యాక రాయడానికి వీల్లేకుండా పోతుంది. ఈ బోర్డులో కఠిన అనుమతులు ఆఫ్‌లో ఉన్నంతకాలం దాని ఫలం అందదని చెప్పాను. టీమ్ లెక్కలు వేసుకుని, ఆ 1 ఎంబీ సర్దుబాటును భరించి ఆప్షన్‌ని ఆన్ చేసింది.

రివ్యూలో ఇప్పుడేం అడుగుతున్నాం

గుర్తు పెట్టేవాళ్లు సాధారణంగా ఈ ఫంక్షన్ ఏం చేస్తుంది అని చూస్తారు. సెటప్ పని చేస్తుంది కాబట్టి ఇనిట్ అంటారు. టేబుల్ ఎక్కించడం ఖచ్చితంగా సెటప్ పనే, అయినా రికవరీలోనూ అవసరమైంది. అందుకని రివ్యూలో వేరే ప్రశ్న వేస్తున్నాం: దీన్ని చివరిసారి పిలిచేది ఎవరు, ఎప్పుడు? డేటా అయితే: దీని అడ్రస్‌ని ఎవరు దాచుకుంటారు? రెఫ్ పెడితే అది ఎందుకు సురక్షితమో పక్కనే కామెంట్ రాయాలి. రాయలేకపోతే రెఫ్ లేదు.

రన్‌టైమ్ తప్పుల కోసం డ్రైవర్ సొంత రిజిస్ట్రేషన్ ఫంక్షన్లలో డీబగ్ చెక్ పెట్టాం. వచ్చిన పాయింటర్ ఇనిట్ ప్రాంతంలో ఉందో లేదో చెప్పే ఫంక్షన్ కెర్నల్‌లోనే ఉంది, ఉంటే వార్నింగ్ ఇస్తాం. మొదట్లో ఇది బూట్ తర్వాత కూడా అప్పుడప్పుడు వార్నింగ్ ఇచ్చి గాబరా పెట్టింది. చూస్తే అవి సక్రమమైన పాయింటర్లే. ఇనిట్ పేజీలు అలొకేటర్‌కి వెళ్లాక, మామూలు అలొకేషన్‌కే ఆ పాత అడ్రస్‌లు దక్కుతున్నాయి. సిస్టమ్ ఇంకా బూట్ దశలో ఉన్నప్పుడే చెక్ నడిచేలా షరతు పెట్టాక తప్పుడు హెచ్చరికలు పోయాయి. మిగిలిన ఒక్క హెచ్చరిక నిజమైనదే: పక్క డ్రైవర్ ఇనిట్‌కాన్‌స్ట్‌లో పెట్టిన చానల్ పేరు పాయింటర్‌ని మా డ్రైవర్‌కి ఇస్తోంది.